తిరుపతి – విశాఖపట్నం విమాన ప్రయాణం: దూరం ఎంత, ఎంతసేపు పడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఉండేవాళ్లకు ఒక పని తప్పదు. ఎక్కడెక్కడి చుట్టాలూ దర్శనానికి బయల్దేరే ముందు ఫోన్ చేసి దారి అడుగుతారు. విశాఖ వైపు నుంచి వచ్చే ఫోన్లలో ఈ మధ్య రైలు సంగతి తగ్గి విమానం సంగతి పెరిగింది. వాళ్లు అడిగేవీ, ఇక్కడి నుంచి విశాఖకు ఉద్యోగాలకూ చదువులకూ వెళ్లేవాళ్లు అడిగేవీ కలిపి ఇక్కడ రాశాను. టైమింగ్స్, టికెట్ ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. మారనివి దూరం, విమానం వేగం, కొండ దారి. ప్లాను వేసుకోవడానికి అవే ముఖ్యం.

రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎంత?

గాలిలో సూటిగా కొలిస్తే సుమారు 600 కిలోమీటర్లు. మైళ్లలో చెప్పే వెబ్‌సైట్లలో 374 దగ్గర కనిపిస్తుంది. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో అయితే దాదాపు 325. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. మూడు చోట్ల మూడు అంకెలు చూసి ఏదో తప్పుందని చాలామంది కంగారుపడతారు. తప్పేమీ లేదు, కొలత వేరు, అంతే.

ఇది ఊరికీ ఊరికీ మధ్య దూరం కాదు. ఇటు రేణిగుంట దగ్గరున్న తిరుపతి విమానాశ్రయం, అటు గాజువాక, ఎన్‌ఏడీ కొత్త రోడ్డు మధ్య ఉన్న విశాఖ విమానాశ్రయం, ఈ రెంటి రన్‌వేల మధ్య లెక్క ఇది.

రోడ్డు మీద 760 కిలోమీటర్లు కదా, గాలిలో 160 ఎలా తగ్గింది?

ఇది చూడాలంటే ఆంధ్ర మ్యాపు ముందు పెట్టుకోండి. రేణిగుంట దగ్గర ఒక చుక్క, విశాఖ దగ్గర ఒక చుక్క పెట్టి, స్కేలుతో రెంటినీ కలపండి. ఆ గీత కృష్ణపట్నం ఓడరేవు దగ్గర ఒడ్డు దాటి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఒంగోలు, బాపట్ల, మచిలీపట్నం, కాకినాడ అన్నీ గీతకు ఎడమ వైపునే ఉండిపోతాయి. గోదావరి డెల్టా కొసను ఒరుసుకోవడం వదిలేస్తే, మళ్లీ నేల తగిలేది అచ్యుతాపురం దగ్గర పూడిమడక ప్రాంతంలో. అంటే సూటి దారిలో ఎక్కువ భాగం బంగాళాఖాతం మీదే.

రోడ్డుకూ రైలుకూ ఆ అవకాశం లేదు. మన తీరం నెల్లూరు నుంచి ఒంగోలు దాకా దాదాపు నిటారుగా ఉత్తరానికి పోయి, అక్కడి నుంచి తూర్పుకు తిరుగుతుంది. హైవే ఇంకా లోపలికి, విజయవాడ దాకా వెళ్లి కృష్ణ దాటి, రాజమండ్రి దగ్గర గోదావరి దాటి, అప్పుడు విశాఖ దారి పట్టాలి. విల్లు వంపు వెంట నడిచేది రోడ్డు, నారి వెంట పోయేది విమానం. రైలు దారి కూడా గూడూరు, విజయవాడ మీదుగా 740 కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది.

మరి విమానం సరిగ్గా ఆ గీత మీదే వెళ్తుందా?

వెళ్లదు. ఏ విమానమైనా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఇచ్చిన దారిలోనే పోవాలి. ఆకాశంలో కూడా పేర్లున్న దారులు, మలుపులు ఉంటాయి. పైకి లేచాక ఒక మలుపు, దిగేముందు రన్‌వేకి ఎదురుగా రావడానికి ఇంకో మలుపు తప్పవు. రేణిగుంట రన్‌వే కాస్త ఉత్తరానికి మొగ్గి తూర్పు–పడమరలుగా ఉంటుంది. విశాఖది కూడా తూర్పు–పడమరలే, కాస్త దక్షిణానికి మొగ్గి. మనం వెళ్లాల్సింది ఈశాన్యానికి. కాబట్టి పడమర వైపు టేకాఫ్ అయిన రోజు విమానం మొదట విశాఖకు వీపు చూపించి, చుట్టు తిరిగి, అప్పుడు దారిలో పడుతుంది. లైవ్ ట్రాకింగ్ యాపుల్లో దూరం 600 కన్నా ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే.

గాలిలో ఎంతసేపు ఉంటాం?

ఏ విమానం ఎక్కుతున్నారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

మన ప్రాంతీయ రూట్లలో ఎక్కువగా కనిపించేది ఏటీఆర్ 72. రెక్కల మీద రెండు పంకాలు తిరిగే చిన్న విమానం. దాని వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. ఎక్కడం, దిగడం, మలుపులు కలుపుకుంటే గాలిలో గంటా పాతిక నిమిషాలు, అటూ ఇటుగా. టికెట్ మీద మాత్రం గంటా ముప్పై ఐదు నుంచి గంటా ముప్పావు దాకా రాస్తారు.

ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్ అయితే పైన గంటకు 830 కిలోమీటర్ల దాకా పోతుంది. కానీ 600 కిలోమీటర్లంటే దానికి ఎక్కడం, దిగడంతోనే సగం దారి అయిపోతుంది. పూర్తి వేగంతో పోయేది కాసేపే. అందుకే లెక్క ప్రకారం 43 నిమిషాల్లో చేరాల్సింది, నిజానికి గాలిలో ఒక గంట దాకా పడుతుంది. టికెట్ మీద గంటా పావు నుంచి గంటా పాతిక నిమిషాలు ఉంటుంది.

కాబట్టి జెట్‌కూ ఏటీఆర్‌కూ తేడా ఇరవై నిమిషాలే. దానికోసం రెండు వేలు ఎక్కువ పెట్టడం నా దృష్టిలో దండగ. దర్శనం టైముకు ఏది సరిపోతుందో చూసుకుని అదే బుక్ చేసుకోండి.

ఒక సైటులో గంట, ఇంకో సైటులో గంటా నలభై నిమిషాలు. ఏది నమ్మాలి?

దూరం లెక్కగట్టే సైట్లు చాలావరకు ఒక సగటు జెట్ వేగం తీసుకుని, దూరాన్ని దానితో భాగించి, కాస్త కలిపి చూపిస్తాయి. ఏ రెండు ఊళ్లు ఇచ్చినా సమయం చెప్తాయి, వాటి మధ్య అసలు విమానమే లేకపోయినా సరే. ఆ అంకె ఒక అంచనా మాత్రమే.

టికెట్ మీద ఉండేది వేరు. విమానం గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి అవతలి ఊళ్లో నిలబెట్టి చక్రాలకు అడ్డుకట్టలు పెట్టే వరకు కొలిచేది. దీన్ని బ్లాక్ టైం అంటారు. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, వరుసలో ఆగడం, దిగాక మళ్లీ నిలిపే చోటికి రావడం అన్నీ ఇందులో కలిసే ఉంటాయి. దానికి తోడు విమాన సంస్థలు ఐదో పదో నిమిషాలు ఎక్కువే వేసుకుంటాయి. 'మనం పది నిమిషాలు ముందే వచ్చేశాం' అని అనౌన్స్‌మెంట్ వినిపించేది అందుకే. ప్లాను వేసుకోవడానికి టికెట్ మీదున్న టైమే పట్టుకోండి.

వెళ్లేటప్పుడు ఒక టైం, వచ్చేటప్పుడు ఇంకో టైం ఎందుకు?

గాలి వల్ల. నైరుతి రుతుపవనాల నెలల్లో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, కింది పొరల్లో గాలి నైరుతి, పడమర దిక్కుల నుంచి వీస్తుంది. విశాఖకు పోయే విమానాన్ని అది వెనక నుంచి నెడుతుంది, తిరుపతికి వచ్చేదానికి ఎదురొస్తుంది. వేగం తక్కువున్న ఏటీఆర్ మీద ఈ ప్రభావం జెట్ మీద కన్నా ఎక్కువ తెలుస్తుంది. అయినా తేడా కొద్ది నిమిషాలే. ఏ రన్‌వే కొస నుంచి దిగమన్నారన్నదాని వల్ల కూడా అంతే తేడా వస్తుంది.

ఏటీఆర్ అంటే భయంగా ఉంది. పంకాల విమానం పాతది కాదా?

పాతదేం కాదు. ఇప్పుడు మన దగ్గర తిరిగే 72–600 రకంలో లోపల తెరలు, పరికరాలు అన్నీ ఆధునికమైనవే. తక్కువ దూరాలకు పంకాల ఇంజిన్ ఇంధనం తక్కువ తాగుతుంది, చిన్న రన్‌వేలు చాలు. అందుకే ప్రపంచమంతా చిన్న ఊళ్ల మధ్య దీన్ని నడుపుతారు. వరుసకు ఇటు రెండు, అటు రెండు సీట్లు, మొత్తం 78 దాకా. మధ్య సీటు గొడవ లేదు.

మొదటిసారి ఎక్కేవాళ్లకు మూడు విషయాలు ముందే చెప్పాలి. ఒకటి, ఎక్కేది వెనక తలుపు నుంచి. ముందు వైపు తలుపు సామాన్లది. రేణిగుంటలో టెర్మినల్ నుంచి నడిచో బస్సులోనో విమానం దాకా వెళ్లి, నాలుగైదు మెట్లు ఎక్కాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఆ సిమెంటు నేల సెగ మొహానికి కొడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే వీల్‌చెయిర్ టికెట్‌తో పాటే అడిగి పెట్టుకోండి, అక్కడికి వెళ్లాక వెతుక్కోవద్దు. రెండు, పంకాల పక్కన వచ్చే ముందు వరుసల్లో మోత ఎక్కువ. చిన్నపిల్లలు నిద్రపోవాలంటే వెనక సీట్లు మేలు. మూడు, ఏటీఆర్ పాతిక వేల అడుగులకు మించి ఎగరదు. మామూలుగా అంతకన్నా కిందే పోతుంది. మేఘాల పైకి వెళ్లలేని రోజు కుదుపులుంటాయి. గోతుల రోడ్డు మీద ఆర్టీసీ బస్సులో కూర్చున్నట్టే ఉంటుంది, ప్రమాదం కాదు.

దానికి బదులుగా దొరికేది ఒకటుంది. ఏటీఆర్ రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి, కాబట్టి కింద చూపుకు అడ్డం రావు. ఎత్తు కూడా తక్కువ. తీరం వెంబడి పోయిన రోజు, విశాఖకు వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ పక్కన కూర్చుంటే కృష్ణా డెల్టా పచ్చదనం, సముద్రంలో కలిసే చోట గోదావరి బురద నీళ్ల చాయ ఎంతో స్పష్టంగా కనిపిస్తాయి. వచ్చేటప్పుడు కుడి వైపు. పిల్లలకు ఆ సీటు ఇప్పించండి. సోషల్ పుస్తకంలో చదివిన డెల్టా ఏంటో ఒక్క చూపులో అర్థమవుతుంది.

ఇంటి గుమ్మం నుంచి కొండ మీదికి చేరడానికి మొత్తం ఎంతసేపు?

గంటా నలభై నిమిషాలు అన్నది విన్న వెంటనే అందరూ ఆ అంకె దగ్గరే ఆగిపోతారు. అడగాల్సిన ప్రశ్న ఇది. విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి బయల్దేరే ఒక కుటుంబాన్ని అనుకుందాం.

ఇంటి నుంచి విమానాశ్రయానికి నలభై నిమిషాలు, ఎన్‌ఏడీ దగ్గర ట్రాఫిక్ ఉంటే ఇంకాస్త. విమానం టైముకు గంటా ముప్పావు ముందు చేరాలి. చాలా సంస్థలు బయల్దేరడానికి గంట ముందే కౌంటర్ మూసేస్తాయి, బోర్డింగ్ గేటు పాతిక నిమిషాల ముందు మూస్తారు. ఆ తర్వాత ప్రయాణం గంటా నలభై. రేణిగుంటలో దిగి, బెల్టు మీద సామాను వచ్చేసరికి ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి తిరుపతి ఊళ్లోకి 15 కిలోమీటర్లు, ముప్పై ఐదు నిమిషాలు. ఇంతవరకు కలిపితే ఐదు గంటలు.

ఇంకా కొండ ఎక్కలేదు. అలిపిరి దగ్గర అందరూ దిగాలి, సామాన్లు స్కానింగ్‌లో పెట్టాలి, కారు తనిఖీ చేస్తారు. శనివారాలు, సెలవు రోజుల్లో అక్కడ క్యూ టోల్‌గేటును దాటి వెనక్కి పాకుతుంది. ఆపైన ఘాట్ రోడ్డు. వేగంగా పోనివ్వరు. అలిపిరిలో టైం నమోదవుతుంది, నిర్ణయించిన సమయం కన్నా ముందు పైకి చేరితే జరిమానా. కాబట్టి తిరుపతి నుంచి తిరుమలకు గంటా పావు వేసుకోండి. మొత్తం ఆరుగంటల పైచిలుకు.

ఈ ఆరు గంటల్లో గాలిలో ఉండేది గంటన్నర కూడా కాదు. అందుకే ఏ విమానం పది నిమిషాలు త్వరగా వెళ్తుందని వెతకడం కన్నా, అలిపిరిలో రద్దీ లేని వేళకు చేర్చేది ఏదని వెతకడం మంచిది. రాత్రి పొద్దుపోయాక దిగే విమానమైతే ఆ రాత్రి తిరుపతిలోనే బస చేయండి. ఘాట్ రోడ్డును రాత్రి కొన్ని గంటలు మూసేస్తారు.

దర్శనం టికెట్‌కూ విమానానికీ మధ్య ఎంత గ్యాప్ పెట్టుకోవాలి?

300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ మీద స్లాట్ టైం ఉంటుంది. విమానం రేణిగుంటలో దిగే టైముకూ ఆ స్లాటుకూ మధ్య కనీసం ఐదు గంటలు ఉంచుకోండి. దిగిన దగ్గర నుంచి కొండ చేరడానికి రెండు గంటలకు పైనే అని ఇంతకుముందు చూశాం. గది తీసుకోవడం, స్నానాలు, తలనీలాలు, క్యూలైను దాకా నడక, వీటికి ఇంకో రెండు గంటలు. మిగిలింది విమానం ఆలస్యానికి. అంత గ్యాప్ లేకపోతే దారంతా గడియారం చూసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. ఆ టెన్షన్‌తో క్యూలో నిలబడితే స్వామి ముందుకు వెళ్లిన ఆ కొద్ది క్షణాలు కూడా మనసు నిలవదు.

ఇంకో మాట. దర్శనం టికెట్లు నెలల ముందే విడుదలవుతాయి. ముందు దర్శనం టికెట్ చేతికి వచ్చాకే విమానం టికెట్ కొనండి. దీన్ని తలకిందులు చేసినవాళ్లు చివరికి విమానం మార్చుకోవడానికి అసలు టికెట్ అంత డబ్బు కట్టడం కళ్లారా చూశాను.

పొద్దున వచ్చి దర్శనం చేసుకుని రాత్రికి ఇంటికి వెళ్లిపోవచ్చా?

మా పెద్దమ్మ ఫోన్‌లో అడిగింది అక్షరాలా ఇదే: 'గంటన్నరే కద నాన్నా, సాయంత్రానికి వచ్చేయమా?' ఆవిడకు ఏం చెప్పానో అదే ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున తొమ్మిదిన్నరకు దిగారనుకుందాం. కొండ మీదికి చేరేసరికి పన్నెండు కావస్తుంది. ఒంటిగంట స్లాటు దొరికి, దర్శనానికి రెండు మూడు గంటలు పట్టి, లడ్డూలు తీసుకుని బయటపడేసరికి నాలుగున్నర. దిగే దారిలో కూడా వేగానికి కట్టుబాటుంది, ఎక్కేటప్పటి కన్నా ఎక్కువ సేపే పడుతుంది. రేణిగుంట చేరేసరికి ఆరున్నర. రాత్రి ఎనిమిది తర్వాత విశాఖకు విమానం ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది. రద్దీ రోజైతే అదీ కుదరదు. పైగా భోజనం, విశ్రాంతి ఎక్కడా లేవు.

అరవై దాటినవాళ్లను ఇలా పరుగులు పెట్టించొద్దు. ఒక రాత్రి ఉండండి. రెండోరోజు పొద్దున తిరుచానూరు పద్మావతి అమ్మవారిని చూసుకుని వెళ్లొచ్చు. రేణిగుంట వెళ్లే వైపే కాబట్టి దారి చుట్టు కూడా కాదు. ఇంకా టైముంటే శ్రీకాళహస్తి విమానాశ్రయం నుంచి పాతిక కిలోమీటర్ల దగ్గరే.

విమానమా, రైలా?

తిరుమల ఎక్స్‌ప్రెస్ లాంటి రైళ్లు విశాఖ నుంచి తిరుపతికి పదమూడు, పద్నాలుగు గంటలు తీసుకుంటాయి. గంటల్లో చూస్తే విమానం ముందు రైలు నిలవదు. కానీ రాత్రి రైలు తీసుకునే గంటలు మనం ఎలాగూ నిద్రపోయే గంటలే. మధ్యాహ్నమో సాయంత్రమో ఎక్కి, తిని, పడుకుంటే తెల్లారి తిరుపతి. స్టేషను ఊరి నడిబొడ్డునే, గోవిందరాజస్వామి గుడి పక్కనే. బయటికి రాగానే కొండ బస్సులు.

పదిమంది కలిసి, పిల్లాపాపలతో, పులిహోర డబ్బాలతో వచ్చేవాళ్లకు రైలే హాయి. గుండె జబ్బు, షుగరు ఉన్న పెద్దవాళ్లకు, రెండు రోజులకు మించి సెలవు దొరకనివాళ్లకు విమానం. వెళ్లేటప్పుడు రైలు, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు విమానం అన్న పద్ధతి చాలా ఇళ్లల్లో బాగా కుదిరింది. విమానం టికెట్ రానూపోనూ కలిపి కొన్నా, ఒకవైపే కొన్నా పెద్ద ధర తేడా ఏమీ ఉండదు కాబట్టి ఇలా విడగొట్టుకోవచ్చు.

నేరుగా విమానం దొరక్కపోతే హైదరాబాద్ మీదుగా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ దూరం చూడండి. తిరుపతి నుంచి శంషాబాద్ సుమారు 420 కిలోమీటర్లు, అక్కడి నుంచి విశాఖ 510. కలిపితే 930, అంటే సూటి దారికి ఒకటిన్నర రెట్లు. మధ్యలో ఆగడం కలుపుకుంటే నాలుగు నుంచి ఆరు గంటలు. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేట్టు చూసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరు.

దీనికన్నా చెన్నై మార్గం చాలాసార్లు తేలిక. చెన్నై – విశాఖ గాలిలో 620 కిలోమీటర్లు, అంటే మన దూరానికి ఇంచుమించు సమానమే, జెట్ విమానాలు తిరుగుతాయి. తిరుపతి నుంచి చెన్నై విమానాశ్రయానికి రోడ్డు 140 కిలోమీటర్ల దాకా. మూడు, మూడున్నర గంటలు. పుత్తూరు, తిరువళ్లూరు దారిలో ట్రాఫిక్ ఉంటుంది, ఆ అరగంట ముందే వేసుకోండి.

చిత్తూరు నుంచి వెళ్లేవాళ్లకు ఏ విమానాశ్రయం దగ్గర?

2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయాక రేణిగుంట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, చిత్తూరు జిల్లాకు సొంత విమానాశ్రయం లేదు. అయినా చిత్తూరు ఊరివాళ్లకు రేణిగుంటే దగ్గర. పూతలపట్టు, చంద్రగిరి మీదుగా ఎనభై కిలోమీటర్ల పైన, రెండు గంటలు వేసుకోండి. చెన్నై, బెంగళూరు విమానాశ్రయాలు రెండూ అంతకు రెట్టింపు దూరం.

కుప్పం వాళ్లకు మాత్రం బెంగళూరే.

తిరుపతి నుంచి మిగతా ఊళ్లకు గాలి దూరం ఎంత?

గన్నవరం, అంటే విజయవాడకు సుమారు 350 కిలోమీటర్లు, ఏటీఆర్‌లో గంట పైన. రాజమండ్రి మధురపూడికి 457, గంటా పావు నుంచి గంటా ఇరవై ఐదు. శంషాబాద్‌కు 420, ఏటీఆర్‌లో అయితే గంటా పదిహేను దాకా. కడపకు 128 కిలోమీటర్లే. అంత దగ్గరికి కారులోనో బస్సులోనో వెళ్లడమే పద్ధతి, విమానాశ్రయంలో కూర్చునే టైములో ఊరు చేరిపోతారు.

బుక్ చేసేటప్పుడు విమానాశ్రయానికి ఉండే మూడక్షరాల కోడ్ చూసుకోండి. తిరుపతి టీఐఆర్. తిరుచ్చి టీఆర్‌జడ్, తిరువనంతపురం టీఆర్‌వీ. ఫోన్ తెర మీద 'తిరు' అని కొట్టగానే ఇవన్నీ వరుసగా వచ్చేస్తాయి. విశాఖ వీటీజడ్, విజయవాడ వీజీఏ.

ఏ నెలల్లో ఆలస్యాలు ఎక్కువ?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జాగ్రత్తగా ఉండాలి. ఈశాన్య రుతుపవనాల వానలు తిరుపతి వైపే ఎక్కువ, తుఫానులు రెండు ఊళ్లనూ వదలవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయం పైకప్పును చీల్చేసి, కొన్ని రోజులు విమానాలే లేకుండా చేసింది. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచినప్పుడు రేణిగుంటలో దిగాల్సిన విమానాలు దిగలేక వెనక్కి మళ్లాయి. ఆ నెలల్లో దర్శనం ఉంటే ఒకరోజు ముందే వచ్చి ఉండండి.

విశాఖలో ఇంకో సంగతి. ఆ విమానాశ్రయం నావికాదళానిది, ఐఎన్‌ఎస్ డేగా. వాళ్ల విమానాలకూ అదే రన్‌వే కాబట్టి ఒక్కోసారి మన విమానం కాసేపు ఆగాల్సి వస్తుంది.

ఇక రేణిగుంటకు తూర్పున, గాలిలో 75 కిలోమీటర్ల దూరంలో శ్రీహరికోట ఉంది. రాకెట్ ప్రయోగం రోజున సముద్రం మీద కొంత ఆకాశాన్ని విమానాలకు మూసేస్తారు. అది ముందే ప్రకటిస్తారు, సంస్థలు దాన్నిబట్టి దారి సర్దుకుంటాయి. మనం దాని గురించి భయపడాల్సింది లేదు.

విమానం ఆలస్యమైతే, రద్దయితే మనకు ఏం రావాలి?

ఇక్కడ ఆ బ్లాక్ టైం మళ్లీ అక్కరకొస్తుంది. విమాన సంస్థలను నియంత్రించే ప్రభుత్వ విభాగం డీజీసీఏ నిబంధనల్లో మన హక్కు దాన్ని బట్టే ఉంటుంది. రెండున్నర గంటల లోపు విమానం రెండు గంటలు, ఆపైన ఆలస్యమైతే తిండి, ఫలహారం ఉచితంగా ఇవ్వాలి. మన రూటు ఇందులోకే వస్తుంది. కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగండి, మొహమాటం వద్దు. ఆరు గంటలు దాటే ఆలస్యమైతే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో మీ ఇష్టం.

సరైన సమయంలో చెప్పకుండా రద్దు చేస్తే, టికెట్ డబ్బు లేదా వేరే విమానంతో పాటు పరిహారం కూడా ఉంటుంది. గంట నుంచి రెండు గంటల బ్లాక్ టైం ఉన్న విమానానికి 7,500 రూపాయలు, లేదా ఒకవైపు బేస్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. తుఫాను, వరద లాంటి సంస్థ చేతిలో లేని కారణాలకు ఈ పరిహారం వర్తించదు. బుక్ చేసేటప్పుడు మీ సొంత ఫోన్ నంబర్ ఇవ్వండి. ఏజెంటు నంబర్ ఇస్తే రద్దయిన మెసేజ్ ఆయనకే వెళ్తుంది, మీరు రేణిగుంటలో నిలబడి ఉంటారు.

లడ్డూలు చేతి సంచిలో తీసుకెళ్లనిస్తారా?

నిస్సందేహంగా. స్కానింగ్‌లో పెట్టి పంపిస్తారు. బరువే చూసుకోవాలి: మామూలు టికెట్ మీద చేతి సంచి 7 కిలోలు, లోపల వేసే సామాను 15 కిలోలు. ఏటీఆర్‌లో పై అరలు చిన్నవి కాబట్టి గట్టి సూట్‌కేసు పట్టదు, గుడ్డ సంచి మేలు. ఎండు కొబ్బరి మాత్రం వద్దు, త్వరగా అంటుకునే గుణం ఉందని ఆపేస్తారు.

విశాఖ విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారితే దూరం పెరుగుతుందా?

గాలిలో పెరిగేది నలభై కిలోమీటర్లే. తిరుపతి నుంచి భోగాపురం 640 దగ్గర ఉంటుంది, ఏటీఆర్‌కు ఐదు నిమిషాలు ఎక్కువ.

నేల మీదే అసలు మార్పు. భోగాపురం విశాఖకు ఉత్తరాన, విజయనగరం జిల్లాలో ఉంది. నగరం నుంచి నలభై ఐదు కిలోమీటర్ల దాకా. ఇప్పుడు పావుగంటలో విమానాశ్రయం చేరే గాజువాక, స్టీల్‌ప్లాంట్ వాళ్లు ఊరంతా దాటి వెళ్లాలి, గంటన్నర వేసుకోవాల్సిందే. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు మాత్రం అంతమేర కలిసొస్తుంది. గాజువాక, అనకాపల్లి నుంచి తిరుపతికి బయల్దేరేవాళ్లు అప్పుడు ఇల్లు వదిలే టైం గంట ముందుకు జరుపుకోవాలి. అనకాపల్లి వాళ్లయితే తమ ఊరి స్టేషన్లో ఆగే రాత్రి రైళ్లను కూడా మళ్లీ ఒకసారి చూసుకోవడం మంచిది.